పల్లీలు పడని వామన్ కాకా

ఎవరు ఏం పెట్టినా వామన్ కాకా నోట్లో వేసుకునే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇందులో పల్లీ ఉందా?" ఊరు చూస్తేనేమో షోలాపూర్. పల్లీ కారం లేనిదే అక్కడ జొన్నరొట్టె విరగదు, పల్లీ పొడి పడనిది కూరే కాదు.

టీ ఇచ్చినా ఆయన అడిగేవాడు.

"టీలో పల్లీలు ఎవరేస్తారు కాకా?"

"ఎవరూ వేయరనే ధీమాతోనే కొంప మునుగుతుంది. ఈ గరిటె ఇందాక ఏ గిన్నెలో ఉందో చూశావా?"

గుళ్లో పూజారినీ వదల్లేదు.

"దేవుడి ప్రసాదమయ్యా!"

"దేవుడికి పడుతుంది పంతులుగారూ, నాకు పడదు."

వదిన మాలతీబాయికి ఒళ్లు మండిపోయేది. "అరవై ఏళ్లు గుప్పిళ్లతో బుక్కావు. ఏడాదిగా పడకుండా పోయిందా?"

"ఏ వయసులో ఏది పడకుండా పోతుందో ఎవరు చెప్పగలరు వదినా!"

చివరికి ఆవిడే ఓడిపోయింది. పల్లీల డబ్బాని ఇల్లు దాటించింది, రోలూ గిన్నెలూ సబ్బుతో తోమించింది.

అది చూసి లోలోపల పండగ చేసుకున్నది కొత్త కోడలు కేతకి. నిజంగా పల్లీ పడనిది ఆమెకి. ఒక్క పలుకు తగిలినా పెదవులు వాచి, గొంతు పూడుకుపోతుంది. పల్లీ తినని కోడలు దొరికిందని అందరూ నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. మొగుడి చేత కూడా ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది.

కేతకి మరిది నిశ్చితార్థం రోజున జీడిపప్పు బర్ఫీ వచ్చింది. కాకా వంటాయన్ని నిలదీశాడు.

"అచ్చం జీడిపప్పే కాకా, మా అమ్మ మీద ఒట్టు!"

ఆ ఒట్టు విని కేతకి ధైర్యంగా ఒక ముక్క తీసుకుంది. అది నోటిదాకా వెళ్లేలోపు కాకా తన ముక్క కొరికాడు. కొరికి, చెంగున దూకి, ఆమె చేతిలోని బర్ఫీని ఎగరగొట్టాడు. అది వెళ్లి కాబోయే వియ్యంకుడి టోపీ మీద పడింది.

"పల్లీ! సగానికి సగం పల్లీ!"

"అయ్యో, కాకా పల్లీ తినేశాడు!"

నలుగురు ఆయన్ని అమాంతం ఎత్తుకున్నారు. ఇంకొకరు రిక్షా కోసం పరుగెత్తారు.

"దించండ్రా, నాకేం కాలేదు!"

"మాట్లాడకండి, గొంతు వాచిపోతుంది!"

మాలతీబాయి టార్చి వేసి నోరు తెరిపించింది. నాలుక నిక్షేపంగా ఉంది.

"ఏమయ్యా మరిదీ, నీకు పల్లీ పడుతుంది కదూ?"

కాకా నేల చూపులు చూశాడు. కేతకి అత్తగారి ముందుకొచ్చింది. "పడనిది నాకు ఆయీ... కాకా, మీకెలా తెలుసు?"

"నీ పెళ్లిలో ఎవరో పల్లీ లడ్డు నోటికి ఆనిస్తే పెదవి బూరెలా పొంగింది. చీమ కుట్టిందన్నావు. అంత పెద్ద చీమ మంటపంలో నాకు కనబడలేదమ్మా."

"నాతో చెబితే కొరుక్కు తింటాననుకున్నావా?" అని మాలతీబాయి కోడల్ని కసురుకుని, బర్ఫీ పళ్లేలన్నీ పెరట్లోకి గెంటించింది.

వియ్యంకుడు టోపీ దులుపుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "మా పిల్లకి వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లండీ. చెప్పాలా వద్దా అని నిద్రపట్టడం లేదు."

"ఈ ఇంట్లో ఏది పడకపోయినా చెప్పుకోవచ్చు!" అంది కేతకి, వాకిట్లో వాళ్లకి కూడా వినబడేలా. అత్తవారింట ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

ఆ మాట కాకా వినలేదు. పెరట్లో గోడవైపు తిరిగి, ఏడాది ఆకలి తీరేలా బర్ఫీ తింటున్నాడు.

"సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లోపలికి రా!" అని అరిచి, మాలతీబాయి ఇంకో పళ్లెం ఆయన ముందుకు తోసింది.