లేని మనిషికి వచ్చిన ప్రకటనలు

ఫిల్మ్ నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థలో నేను సహాయ రచయిత్రిని. కథా చర్చల్లో ఏదైనా పాత్రకు జబ్బో కోర్టు గొడవో అవసరమైతే, దాని వివరాలు వెతికి, మర్నాటికి ఒక పేజీ రాసివ్వడం నా పని. ఆ నెల మా కథానాయికకు మొదట కిడ్నీ జబ్బు అనుకున్నాం. వారం తిరక్కుండానే మా సీనియర్ రచయిత, "కిడ్నీ వద్దమ్మా, మరీ ఏడుపైపోతుంది. విడాకులు పెడదాం," అన్నారు. ఆ తర్వాతి వారం, విడాకులు తేలకముందే, ఆమె గర్భవతి అయింది. ప్రతి మలుపునూ నేను నా ఫోన్‌లోనే వెతికాను.

కథానాయికకు ఫోన్ లేదు గనుక ఆమెకు రావలసిన ప్రకటనలన్నీ నాకు వచ్చాయి.

నా ఒక్కదానికే వస్తే నవ్వి ఊరుకునేదాన్ని. యూసుఫ్‌గూడలోని మా ఇంటి టీవీ కూడా నా ఖాతాతోనే నడుస్తుంది. అమ్మ సినిమాలకు దుస్తులు కుడుతుంది. మిషన్ తొక్కుతూ, రిమోట్‌ను నోటి దగ్గర పెట్టుకుని పాత పాటలు అడుగుతుంది. ఆ పాటల మధ్యలో ఆమె మొదట డయాలసిస్ కేంద్రాన్ని, తర్వాత విడాకుల సలహాలిచ్చే సంస్థను, చివరికి ప్రసూతి ఆసుపత్రిని చూసింది. నాకింకా పెళ్లి కాలేదు.

కూరల్లో ఉప్పు తగ్గిందని నేను గమనించాను. కారణం గమనించలేదు. ఒక ఆదివారం నేను కోసుకున్న బొప్పాయి ముక్కల పళ్లెం అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"ఏందమ్మా?"

"వద్దు. గిప్పుడు తినొద్దది."

ఆమె చూపు నా పొట్ట మీద ఉంది. టీవీలో పసిబిడ్డ నవ్వుతోంది. అప్పుడు అర్థమైంది. పడీ పడీ నవ్వి, అది సినిమాలో పాత్ర సంగతని మొదటినుంచీ చెప్పాను.

అమ్మ నవ్వలేదు. "సినిమాల పిల్లకు కడుపొస్తే మనింటి టీవీకి ఎట్ల తెలిసిందే?"

కాలేజీ డిబేట్లలో ఎందరో న్యాయనిర్ణేతలు నన్ను ప్రశ్నించారు. ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. నేను వాడే శోధన యంత్రం సంస్థ గోప్యతా విధానాన్ని తెరిచి చదవసాగాను. పదానికి నిర్వచనం అడగడం డిబేట్లలో మాకు నేర్పిన మొదటి పాఠం. అక్కడ "మీ సమ్మతితో" అని ఉంది. నేనెప్పుడు సమ్మతించాను? ఫోన్ కొన్న రోజు రెండు బటన్లు కనిపించాయి. ఒకదాని మీద "సరే" అని, రెండోదాని మీద "తర్వాత" అని ఉన్నాయి. "వద్దు" అనే బటన్ లేదు. ఎదుటి పక్షాన కూడా ఆలోచించాను: వెతుకులాట ఉచితం, ప్రకటనలే వాళ్ల బతుకు, మా సినిమా పాటలకూ మేం అక్కడే ప్రచారం చేస్తాం. అయినా వద్దనే వీలు లేని చోట సరే అన్న మాటకు విలువెంత?

నేను ఫోన్‌లో వెతికినవి ఆ సంస్థ గుర్తుపెట్టుకుని మన టీవీలో ప్రకటనలు వేస్తుందని అమ్మకు చెప్పాను. "సరే తియ్," అంది అమ్మ. నమ్మలేదని ఆ గొంతే చెప్పింది. ఇక సాక్ష్యం చూపించాల్సిందే. నా వెతుకులాటల చరిత్ర తెరిచాను. కిడ్నీ, విడాకులు, గర్భం, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. వాటి మధ్యలో, టీవీ రిమోట్‌తో అడిగినవి రెండున్నాయి.

"తల్లి కిడ్నీ బిడ్డకు సరిపోతదా."

"బిడ్డ దాస్తుంటే ఎట్ల అడగాలె."

నా నిర్దోషిత్వానికి రుజువు ఆ పేజీయే. అమ్మ గుట్టు కూడా ఆ పేజీలోనే ఉంది. చదవనట్టు తుడిచేయవచ్చు. కానీ, మనకు తెలియకుండా మన గుట్టు తెలుసుకునేవాళ్ల మీదే కదా నా ఫిర్యాదు!

"అమ్మా, రిమోట్‌కు నువ్వు చెప్పినవి గిందుల ఉన్నయి. నేను చదివిన."

మిషన్ ఆగింది. "నేను టీవీకి చెప్పిన. నీకు చెప్పలే," అంది.

గోప్యతకు అంత చిన్న నిర్వచనం నాకు ఏ విధానపత్రంలోనూ దొరకలేదు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. నా వెతుకులాటలన్నీ ఒక్కొక్కటిగా చూసి, కళ్లు తుడుచుకుని, తొలగించే బటన్ తనే నొక్కింది. అదే సాయంత్రం, అడిగినవి గుర్తుపెట్టుకోని మరో శోధన యంత్రానికి మారాను. టీవీలోంచి నా ఖాతా తీసేశాను.

కొత్తది కొన్నిసార్లు తికమక పెడుతుంది. శ్రీనగర్ కాలనీలో పాత కెమెరాలు అద్దెకిచ్చే చోటు అడిగితే కాశ్మీర్ చూపించింది. "కెమెరా కోసం అంత దూరం పంపిస్తావేంటమ్మా?" అని సీనియర్ రచయిత ఆటపట్టించారు. ఫోన్ పక్కనబెట్టి కెమెరా విభాగం వాళ్లను అడిగి తెలుసుకున్నాను.

మొన్న ఇంటికి వెళ్లేసరికి టీవీలో సిమెంటు ప్రకటన వస్తోంది. అమ్మ దారం ఎక్కిస్తూ, "ఈ వారం మీ సినిమాల పిల్లకు ఏమైందే?" అంది.

"మళ్ల కిడ్నీయే."

సూది బెజ్జం మీంచి చూపు తిప్పకుండా మళ్లీ అడిగింది. "ఆ పిల్లకు తల్లి ఉన్నదా?"

మా కథలో లేదు. మర్నాడు చర్చలో నేను మొదట లేవనెత్తిన ప్రశ్న అదే.