రెండోసారి అడగని ఇల్లు

మా అమ్మాయి పెళ్లాడతానన్న కుర్రవాడిది పెరూ. అతన్ని పెంచింది వాళ్ల నాయనమ్మ. ఆవిడకు కెచువా తప్ప మరో భాష రాదు.

"అమ్మా, ఆమెకి నువ్వు నచ్చకపోతే తను చాలా అప్‌సెట్ అవుతాడు. ప్లీజ్, కొంచెం నేర్చుకో" అంది మా అమ్మాయి. దాన్ని తెలుగు నేర్చుకోమంటే మాత్రం ఎప్పుడూ హోంవర్కే అడ్డొచ్చేది!

మేముండే బాతెల్ నుంచి ఆఫీసుకు డ్రైవ్ చేస్తూ ఫోన్‌లో పాఠాలు వినేదాన్ని. బావున్నారా అనడానికి "అల్యిల్యాంచు". వాసి అంటే ఇల్లు, వాసిపి అంటే ఇంట్లో. మాట చివర తోకలు తగిలించడం మనకు వెన్నతో పెట్టిన విద్యే కదా, హుషారుగా సాగిపోయాను. "యర్ఖవాషన్" అంటే నాకు ఆకలేస్తోంది అని. ఇదొక్కటే దండగ పాఠం అనిపించింది. పరాయి ఇంట్లో కూర్చుని ఆ మాట ఎవరంటారు?

పెరూలో వాళ్లింటికి వెళ్లగానే పలకరింపు గడగడా అప్పజెప్పాను. ఆవిడ మురిసిపోయి నా బుగ్గలు నిమిరింది. ఉడికించిన బంగాళాదుంపలు, పచ్చటి చట్నీ ప్లేటులో పెట్టి తెచ్చింది. నేను అలవాటుగా "మానన్, మానన్" అన్నాను, వద్దు వద్దు అని. ఆవిడ బతిమాలుతుందనీ, మూడోసారికి "అయ్యో, కొంచెం చాలు" అంటూ అందుకోవచ్చనీ నా లెక్క. ఆవిడ బతిమాలలేదు. ముఖం చిన్నబుచ్చుకుని ప్లేటు లోపలికి తీసుకుపోయింది.

"అమ్మా! ఇక్కడ ఫుడ్ వద్దంటే మనుషులే వద్దన్నట్టు!" అంది మా అమ్మాయి నా చెవిలో. కుర్రవాడు నేలచూపులు చూస్తున్నాడు. పైగా పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది, కాబోయే వియ్యాలవారి ముందు దాన్ని విప్పి చెప్పలేను.

లేచి వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ వెనక నిలబడి, సిగ్గు చంపుకుని "యర్ఖవాషన్" అన్నాను.

ఆవిడ తిరిగి చూసి పకపకా నవ్వింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ప్లేటు ఒళ్లో పెట్టి, ఓ దుంప తనే ఒలిచింది. "మిఖుయ్, వావాయ్" అంది. తిను, బిడ్డా అని.

మా అమ్మ పోయాక నన్నెవరూ అలా పిలవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

గుమ్మంలోంచి మా అమ్మాయి, "అమ్మా, ఇంకోటి అడుగు" అంది.

అడిగాను.