ఒక్క కుర్చీలో ఇద్దరం

మొన్న ఆదివారం మా అమ్మాయిని ఒక కార్టూన్ సినిమా రెండో భాగానికి తీసుకెళ్లాను. హాల్లో అడుగు పెట్టగానే ఏసీ చల్లదనంలో కలిసిన తడి కార్పెట్ వాసన తగిలి, తెలియకుండానే చెప్పులు విప్పబోయాను. తొంభైల చివర్లో హైదరాబాద్ తార్నాకలో, జిరాక్సు షాపు పై అంతస్తులో ఉండే నెట్ సెంటర్‌లో సరిగ్గా ఇదే వాసన. కంప్యూటర్లకు దుమ్ము పడుతుందని అక్కడ చెప్పులు మెట్ల మీదే విప్పించేవారు.

సినిమాలో ఇద్దరు స్నేహితులు ఇంటర్నెట్ లోకంలోకి వెళ్తారు. ఒకరికి అక్కడే బాగుంటుంది, రెండోవారికి దిగులు పట్టుకుంటుంది. బయటికొచ్చాక, మా రోజుల్లో నెట్‌ని నమ్ముకోలేదు కాబట్టే స్నేహాలు నిలిచాయని మా అమ్మాయికి గొప్పగా చెప్పాను. ఏళ్లుగా అందరికీ చెబుతున్న మాటే. అది నిజం కాదు.

మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగానికి కడప నుంచి వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో చేరారు. మా వెనక వరసలో ప్రభు వాళ్లిల్లు. వాళ్లది తెనాలి వైపు, వాళ్లమ్మ క్యాంపస్‌లోనే గుమాస్తా, వాళ్ల నాన్న టీచరు; ఇళ్లలో ఏ యాస విన్నా బయట మా ఇద్దరిదీ హైదరాబాద్ మాటే. వానలు తగ్గగానే రాళ్ల గుట్టల్లో సీతాఫలాలు కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టడం, ఎండాకాలం హాస్టళ్లు ఖాళీ కాగానే వాటి ముందు బంతి కనపడనంత చీకటి పడేదాకా క్రికెట్ ఆడటం, ఉగాదికి మా అమ్మ చేసిన ఓళిగలు వాళ్లింటికి, క్రిస్మస్‌కి వాళ్లమ్మ వేయించిన గులాబీ పువ్వులూ అరిసెలూ మా ఇంటికి మోయడం, ఇలా ఏడాది తిరిగిపోయేది. అన్నిటికంటే డిసెంబరు ఇష్టం. వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురు కాచి, రంగు కాగితాలు అంటించి పెద్ద స్టారు కట్టేవాళ్లం. పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే చర్చి వాళ్ల ముందు దాన్ని గెడకర్ర మీద పట్టుకునేది నేను, లోపలి బల్బుకి బ్యాటరీ మోసేది ప్రభు. వైరు పొట్టిది కావడంతో ఒకరిని విడిచి ఒకరు నడవడానికి వీలుండేది కాదు.

నెట్ సెంటర్‌లోనూ అంతే. ఒక కుర్చీ చెరిసగం, ఇద్దరి పేర్లూ కలిపి ఒకటే ఐడీ, ఒకటే పాస్‌వర్డ్. వాడు టైపు చేసేవాడు, ఏం రాయాలో నేను చెప్పేవాణ్ని. "ఒక్క కుర్చీల ఇద్దరేంది రా, విరిగితే మీ నాయన ఇస్తడా?" అని సెంటర్ నడిపే యాదగిరన్న విసుక్కుంటూనే మాకు మూల కంప్యూటర్ చూపించేవాడు.

ఒక ఏడాది చాట్‌లో నాగపూర్ కుర్రాడొకడు పరిచయమయ్యాడు. వాడికీ ప్రభుకీ చదరంగం పిచ్చి. ఒకరి ఎత్తు ఒకరికి టైపు చేసి పంపుకునేవారు. నాకు ఆ ఆట రాదు, నేర్చుకోబుద్ధీ కాలేదు. కుర్చీలో నా సగం తగ్గుతూ వచ్చింది. డిసెంబరు వచ్చినా వెదురు బద్దలు మా వరండాలో పడే ఉన్నాయి. అడిగితే రేపు కడదామనేవాడు. స్టారు నేనొక్కణ్నే ఎలాగో కట్టుకోగలను, పక్కన నడిచేవాడు ఉండడేమోనన్నదే నా భయం.

ఓ మధ్యాహ్నం ఒక్కణ్నే వెళ్లాను. మొదటిసారి కుర్చీ మొత్తం నాదే. ప్రభు రాసినట్టుగా ఆ కుర్రాడికి మెయిల్ పెట్టాను: మా నాన్నకి బదిలీ అయింది, ఊరు మారుతున్నాం, ఇక రాయకు.

కొన్నాళ్లకు ప్రభు తనంతట తానే వచ్చి, వరండాలో కూర్చుని బద్దలు చీల్చడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది మా స్టారు ఎంత పెద్దదంటే, క్యాంపస్ పక్కనున్న మాణికేశ్వర్ నగర్ సందుల్లో దాన్ని పక్కకి వంచితే తప్ప మలుపు తిరగలేదు. నా పన్నాగం ఫలించిందని సంబరపడ్డాను గానీ, ఆ మెయిల్ మళ్లీ తెరిచే ధైర్యం లేక, చదువు సాకు చెప్పి నెట్ సెంటర్‌కి వెళ్లడమే మానేశాను. పెద్దయ్యాక మాత్రం, నెట్ స్నేహాలు నిలవవనడానికి ఆ నాగపూర్ కుర్రాణ్నే ఉదాహరణగా చెప్పుకుంటూ వచ్చాను.

సినిమా చూసిన సాయంత్రం, వరంగల్‌లో ఉంటున్న ప్రభుకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"తెలుసు లేరా," అన్నాడు. "వాడు జవాబు రాసిండు. పాస్‌వర్డ్ ఇద్దరిదే గదా, నేను చూసిన. మేం ఏడికి పోతలేం, స్టారు కట్టలేదని మా వాడు అలిగిండు అని రాసిన."

"దానికేమన్నడు?"

"ముందు పోయి నీ దోస్తుతోని స్టారు కట్టు, ఆట ఎటు పోతది అన్నడు. ఇప్పటికీ ఆడుతున్నం. నిన్ననే ఓడిన."

ఇన్నేళ్లూ నా అబద్ధమే ప్రభుని నా దగ్గరికి తెచ్చిందనుకున్నాను. పంపింది ఆ నాగపూర్ కుర్రాడన్నమాట.

నిన్న తార్నాక వెళ్లాను. జిరాక్సు షాపు లేదు, పైన కోచింగ్ సెంటర్ బోర్డు, ఎదురుగా మెట్రో స్తంభాలు. మెట్లు మాత్రం అవే. పిల్లలు చెప్పులతోనే ఎక్కిపోతున్నారు, ఎవరి ఫోను వాళ్ల చేతిలో. ఇంటికొచ్చి మా అమ్మాయికి ఈ కథంతా సరిచేసి చెప్పాను. చివరిదాకా విని, "ఇంతకీ నాగపూర్ అంకుల్ పేరేంటి నాన్నా?" అంది.

నేను ఎప్పుడూ అడగలేదు. ప్రభుకి మళ్లీ ఫోన్ కలిపాను.