తిక్కయ్య చెవికి నచ్చిన దుమ్ము మిషను

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో వడ్రంగి కాపురం పెట్టడమే ఒక సాహసం. ఉచ్చీరప్ప అంతటితో ఊరుకోలేదు. ఇంటి ముందుగదిలో కొయ్య తిప్పే లేత్ మిషను కూడా పెట్టాడు. సగం జీవితం ఆదోనిలో ఒక కలప డిపోలో ఇంకొకరి కింద పనిచేసి, యాభై దాటాక సొంతంగా పెట్టుకున్న పని అది. మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు తిప్పి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఇస్తాడు. ఆయన చేసిన కోడు మీద చెయ్యి పెడితే తియ్యబుద్ధి కాదు. చిక్కంతా ఆ నునుపుతోనే వచ్చింది. రుద్దినప్పుడు లేచే మెత్తని పొట్టు గదిలో కుదురుగా ఉంటుందా? వీధిన పడుతుంది.

వీధిలో పొద్దున్నే పడుగు ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు సాగదీసి, గంజి పట్టించి ఆరబెడతారు. తడి గంజి మీద పొట్టు వాలిందంటే ఇక వదలదు. ఎదురింట్లో మగ్గం నేసేది తిక్కయ్య, పడుగు చూసుకునేది ఆయన భార్య హుసేనమ్మ. ఆమె ఒకటి రెండుసార్లు ఓర్చుకుంది. ఆ తర్వాత వీధి పెద్ద ఈరన్నను పిలిచింది.

"నీ మింద మాకేం కోపం లేదప్పా" అన్నాడు ఈరన్న. "ఉగాది లోపల పొట్టన్నా ఆపు, లేకుంటే మిషనన్నా ఎత్తుకపో."

ఉచ్చీరప్ప లెక్కలేసుకున్నాడు. మిషను ఎత్తితే పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. మళ్లీ డిపోలో చేతులు కట్టుకొని నిలబడాలి. ఆ ఊహకే ఆయనకు అన్నం సయించలేదు.

ఆదోనిలో బతికినవాడికి గాలి అనగానే పత్తి మిల్లే గుర్తొస్తుంది. దూదిని పీల్చి అవతల పడేసే పాత బ్లోయరొకటి పట్టుకొచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి స్విచ్ వేశాడు. పొట్టు పోయింది, అబద్ధమెందుకు. గరుకు కాగితమూ పోయింది, భుజం మీది తువ్వాలూ పోబోయింది. దాని హోరుకు గూట్లో గిన్నెలు కింద పడ్డాయి. అయినా ఉచ్చీరప్ప మీసం మెలేశాడు.

సాయంత్రానికి తిక్కయ్య వచ్చి గుడ్డ పరిచి చూపించాడు. అక్కడక్కడా అడ్డంగా పల్చబడి ఉంది.

"ఇదేందన్నా?"

"నీ మిషన్ సేసిన పని. అడ్డంగా తోసే నాడెలో, కండెకు సుట్టిన నూలు అయిపోతే సద్దు మారుతాది. నేను సూసి ఆపేవాన్ని కాదప్పా, ఇని ఆపుతా. నీ హోరులో ఏమీ ఇనపడల్యా. ఉత్త నాడెనే తోసుకుంటా కూసున్యా."

ఉచ్చీరప్పకు సిగ్గేసింది. "అట్లయితే నువ్వు కూడా రా అన్నా. దుమ్ము పీల్చే మిషన్ ఇంకోటి, నీ సెవికి నచ్చిందే కొంటా" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఆదోని బస్సెక్కారు. తిక్కయ్య తువ్వాల్లో రెండు నాడెలున్నాయి. ఒకదాంట్లో నిండు కండె, ఇంకోదాంట్లో ఉత్త కండె. మిషన్ల అంగడి దేవరాజు మొదట చేత్తో ఎత్తగలిగే చిన్న మిషను ఆన్ చేశాడు. తిక్కయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఉచ్చీరప్ప బల్ల మీద నాడెను అటూ ఇటూ తోసి, "నిండుదా, ఉత్తదా?" అని అరిచాడు.

"యాడ తోసినావు? ఇది ఈలేస్తాంది కదప్పా!"

వీళ్లకు పిచ్చేమో అనుకున్న దేవరాజు, సంగతి తెలిశాక తానే పంతం పట్టాడు. "సిన్న మోటరు బిర్రున తిరుగుతాది, అందుకే ఆ కూత. సన్న పైపు గూడా ఈలేస్తాది. మీకు నిదానంగా తిరిగే మోటరు, పెద్ద రెక్క, లావు పైపు కావాల" అంటూ మూలనున్న డ్రమ్ము మిషనును ముందుకు లాగి ఆన్ చేశాడు. అది గొంతులో పాట తీసినట్టు మూలిగింది.

"నిండుది... ఉత్తది... మల్లా ఉత్తదే... ఇప్పుడు నిండుది!"

ఒక్కటీ తప్పలేదు. మేకులు కొనడానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇంటికి తెచ్చాక మిగతా పని వడ్రంగిది. మిషను కింద పాత టైరు ముక్కలు పరిచాడు. చుట్టూ చెక్క పెట్టె కట్టి, లోపల గోనెపట్టాలు బిగించి, మోటరు వేడెక్కకుండా గాలికి దారి వదిలాడు.

ఉగాది ముందు రోజు. పడమటి గాలి వీస్తోంది, వీధిలో పడుగు తడితడిగా ఉంది. ఈరన్న అరుగు మీద కూర్చున్నాడు. తిక్కయ్య లోపల మగ్గంలో ఉన్నాడు. ఉచ్చీరప్ప దేవుణ్ణి తలచుకొని, లేత్ తిప్పి కోడును రుద్దడం మొదలుపెట్టాడు.

ఉన్నట్టుండి మగ్గం ఆగింది. తిక్కయ్య కళ్లెర్రజేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, నీకు బుద్ధుండాదా? పడుగు తడిగుంటే, దుమ్ము మిషన్ ఎయ్యకుండానే రుద్దుతాండావా?"

ఉచ్చీరప్ప తిక్కయ్య అరచేతిని పట్టుకెళ్లి లావు పైపు మూతి దగ్గర పెట్టాడు. పైపు చేతిని లాక్కుంది. మిషను మొదటినుంచీ నడుస్తూనే ఉంది.

హుసేనమ్మ పడుగు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా చెయ్యి రాసుకుంటూ పోయింది. తిరిగొచ్చి అరచెయ్యి ఈరన్న ముందు చాపింది. గంజి తప్ప ఏమీ లేదు.

"ఇంగ నువ్వు యాడికీ పోవద్దప్పా" అందామె ఉచ్చీరప్పతో.

తిక్కయ్య చెవే మోసపోయిందని వీధంతా గొల్లుమని నవ్వింది. ఉచ్చీరప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు, కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ సాయంత్రమే గదిలో బండలు పెకలించి, గుంట తవ్వి, సిమెంటు కలిపాడు. తానూ తిక్కయ్యా లేత్ మిషనును చెరో కొసా పట్టి ఎత్తి, దాని కాళ్లు కదలకుండా నేలలో పాతేశారు.