మిరప తగలని చేతులు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతున్నాను. నన్ను మంచివాడనుకోకుండా వినండి.

మా ఊరు నల్లపాడు దాటాక వస్తుంది. మస్తాన్‌బీ మా మంత్రసాని. మా వైపు మంత్రసాని మిరప కల్లంలో అడుగు పెట్టదు. చేతికంటిన ఆ ఘాటు కడిగితే పోయేది కాదు; తల్లినీ బిడ్డనూ మండిస్తుంది. ఊరంతా మిరపతో బతికితే, ఆమె పురుళ్లతోనే బతికేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆరోగ్యశాఖలో చిరుద్యోగిగా చేరాను. మంత్రసానుల పేర్లు నమోదు చేయడానికి మా ఊరికి డాక్టరమ్మ వచ్చింది. పేరు ఎక్కనివాళ్లు ఇక పురుళ్లు పోయకూడదు. ఊరి మనిషిని కనుక ఒక్కొక్కరి సంగతీ చెప్పే పని నాది.

నన్ను చూడగానే మస్తాన్‌బీ నవ్వింది.

"ఏరా, నన్ను పరీక్ష చేసేది నువ్వా? పుట్టగానే ఏడవనని మొండికేస్తే పిర్ర మీద చరిచి ఏడిపించింది నేనేరా!"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా. కొత్త చొక్కా లోపల నా ఒళ్లు మండిపోయింది.

"ఈమె పగలు మిరపకాయలకు తొడిమలు తీస్తుందండి," అన్నాను. "ఆ చేతులతోనే పురుళ్లు పోస్తుంది."

మస్తాన్‌బీ ఇంకా పెద్దగా నవ్వింది. "వీడు తమాషాకంటున్నాడమ్మా!"

ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. తప్పు చేసి పైగా నవ్వుతోందనుకుంది డాక్టరమ్మ. పేరు ఎక్కలేదు. ఒక్క మాటతో సరిదిద్దగలిగేవాణ్ణి. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? కాదు. మస్తాన్‌బీ ముఖంలో నవ్వు ఆరిపోతుంటే చూడ్డానికి నాకు బాగుంది. అదీ నేను.

ఆ ఏడు ఎండల్లోనే, వేరే బతుకుదెరువు లేక, ఆమె మిరప కల్లంలో కూలికి చేరింది.

ఒక మధ్యాహ్నం పాలేరు ఏసుదాసు కల్లానికి పరిగెత్తుకొచ్చాడు. భార్య మరియమ్మకు బిడ్డ అడ్డం తిరిగింది. పేరు ఎక్కిన మంత్రసాని వేరే ఊళ్లో ఉంది. మస్తాన్‌బీ మజ్జిగతో చేతులు కడిగింది, మళ్లీ కడిగింది, ఘాటు పోయిందేమోనని వేలు తన కంటిరెప్ప లోపల పెట్టి చూసుకుంది. కన్ను భగ్గుమంది. ఏసుదాసు గుడిసె దాకా వెళ్లింది కానీ లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం బయట నిలబడి, ఏం చేయాలో ఏసుదాసు తల్లికి అరిచి చెబుతూనే ఉంది. మరియమ్మా దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఊరు ఆమెనే తిట్టింది. ఆ గుంపులో నేనూ నిలబడి, "ముట్టుకోనిదానివి వచ్చావెందుకు?" అన్నాను. ఆమె నా వైపు చూసింది. చేతులు కొంగులో దాచుకుంది. తర్వాత పొదిలిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయి, అక్కడే పోయిందట. ఒక్కసారైనా వెళ్లానా? లేదు.

క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. మిగిలినా అడిగేవాణ్ణి కాదేమో. కానీ ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది: డాక్టరమ్మ ముందు నిలబడ్డ రోజున మస్తాన్‌బీ చేతులకు మిరప ఘాటు లేదు. నన్ను భూమ్మీదకు తెచ్చిన నాడు ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఆ రోజూ అంతే శుభ్రంగా ఉన్నాయి.