ఉమ్మడి గోడ మీద సున్నపు యుద్ధం

ముందే చెప్పేస్తున్నాను, నాకు దేన్నయినా పెంచి చెప్పే జబ్బుంది. నేను పులి అన్నచోట మీరు పిల్లి అనుకోండి, పిల్లి అంటే పిల్లికూన అనుకోండి. మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాటల్లో సగం తీసేసి వింటోంది, మీరూ సగం తీసేసి చదువుకోండి. ఏ సగం తీసెయ్యాలో చివర్లో నేనే చెబుతాను.

మొన్న నరసరావుపేటలో మా ఫ్లాటు స్నానాలగది కప్పు కారింది. కారడమంటే చుక్కలు చుక్కలుగా కాదు, సాగర్ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు. పై ఫ్లాటాయన మొహం నేనెన్నడూ చూడలేదు. వాట్సాప్‌లో ఫొటో పెడితే బొటనవేలి బొమ్మ పంపించాడు. మర్నాడు ఒక మనిషి వచ్చి, పైన టైల్సు సందుల్లో ఏదో మందు పోసి, కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. కారడం ఆగింది. మా ఆవిడ సంతోషించింది గాని, నాకు మాత్రం పెళ్ళి పంక్తిలో పెరుగు వడ్డించకుండానే లేపేసినట్టయింది. ఒక్క తిట్టు లేదు, ఒక్క రాయి లేవలేదు, ఒక్క తలా పగల్లేదు. ఇదీ ఒక మరమ్మతేనా?

మాది రొంపిచెర్ల దాపున పల్లెటూరు. నా చిన్నప్పుడు ఇళ్ళన్నీ నాపరాళ్ళ మిద్దెలు. దూలాల మీద రాళ్ళు పరిచి సందుల్లో సున్నం కూరేవారు, ఏటా తొలకరికి ముందు ఆ సున్నం మళ్ళీ పట్టించుకోవాలి. మా ఇల్లూ పెదనాన్న ఇల్లూ ఒక్క ఇంటినే నిలువునా చీల్చినవి, మధ్యన ఉన్నది ఒకే ఉమ్మడి గోడ. అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు కాబట్టి పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. పంచాయతీ ఎన్నికల్లో నాన్న ఒక పార్టీ, పెదనాన్న ఇంకో పార్టీ అయిన రోజున ఆ ఇంటి కోడి ఈ ఇంటి గడప తొక్కకూడదన్నారు. అక్కచెల్లెళ్ళకూ మాటలు బందు. ఆ గోడకు అటొక వంటిల్లు, ఇటొక వంటిల్లు. గోడ నెత్తిన సున్నం ఊడిపోయి, వానొస్తే సరిగ్గా రెండు పొయ్యిల మీదా కారేది. అమ్మకు లోకంలో కావలసింది వానాకాలంలో ఆరిపోని పొయ్యి ఒక్కటేనని అందరికీ చెప్పేది. అక్క మాట ఎత్తేది కాదు గాని, అన్నం వార్చేటప్పుడల్లా ఆమె చెవి మాత్రం గోడవైపే ఉండేది.

నాన్న మేస్త్రిని ఎక్కించి సున్నం పట్టించాడు. బాగానే ఉంది గాని, వాలు మాత్రం అన్న ఇంటివైపు పెట్టించాడు, మా వాన కూడా పెదనాన్న పొయ్యిలోనే పడాలని. పెదనాన్న దాన్ని గునపంతో పొడిచి ఊడగొట్టి, తన మేస్త్రి చేత వాలు మావైపు తిప్పించాడు. మా పల్నాటి పౌరుషానికి తన కప్పు కారకపోతే చాలదు, అవతలివాడి కప్పు కారి తీరాలి. ఇలా తిప్పగా తిప్పగా, పొడవగా పొడవగా, ఆ సందు దున్నపోతు దూరేంత పెద్దదయింది. మా గోడ పేరెత్తితే చాలు, చుట్టుపక్కల మేస్త్రీలందరికీ జ్వరం వచ్చేది.

చివరికి ఒకనాడు నాన్నే తాపీ పట్టుకుని ఎక్కాడు. అటునుంచి నిచ్చెన మీదుగా గునపం లేచింది, దాని వెనకాల పెదనాన్న.

“ఒరేయ్, వాలు ఇటు పెట్టావంటే నీ పుర్రె పగలగొట్టి అందులో సున్నం కూరతా!” అన్నాడు పెదనాన్న.

“కూరు అన్నా, నీ పనితనం ఏందో నేనూ చూస్తా!” అన్నాడు నాన్న.

చూశాడు కూడా. తాపీ పెదనాన్న చెవి మీదుగా దిగి, చెవి సగం వేలాడింది. గునపం తిరిగొచ్చి నాన్న నెత్తిన పడింది. నెత్తురు సందులోంచి ధార కట్టి, కింద మండుతున్న మా పొయ్యిలో పడి సుయ్యిమంది. ఈలోపు రెండు పార్టీలవాళ్ళూ కర్రలతో, రాళ్ళతో దిగారు. ఎవడో విసిరిన నాటుబాంబు మా బావి గిలకను ఎగరగొట్టింది, గిలకతోపాటు విసిరినవాడి రెండు వేళ్ళూ పోయాయి. ఇదంతా నేను గాదె కింద బోర్లా పడుకుని చూశాను. పేట ఆసుపత్రికి పోవడానికి ధైర్యం చేసి కదిలిన ట్రాక్టరు ఊళ్ళో ఒక్కటే కాబట్టి, అన్నదమ్ములిద్దర్నీ దాని వెనక ట్రక్కులోనే పక్కపక్కన పడుకోబెట్టారు. పడుకునే పేటదాకా ఒకరినొకరు తన్నుకుంటూ పోయారట.

మగవాళ్ళు అటు పోగానే అమ్మ కొంగు బిగించి, మిగిలిన సున్నపు తట్ట ఎత్తుకుని మిద్దె ఎక్కింది. అటునుంచి పెద్దమ్మ, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళకుండతో ఎక్కింది. సున్నం గట్టిపడాలంటే ఆ నీళ్ళు కలపాలి. మాటలు బందైన ఆడవాళ్ళు మావైపు గోడతోనో గేదెతోనో మాట్లాడుకుంటారు, ఎవరి ఒట్టూ పోదు.

“ఓ గోడా, ఈ సున్నంలో బెల్లం చానా తక్కువైంది. కొందరికి చిన్నప్పట్నుంచీ బెల్లం దొంగిలించే బుద్ధి గదా,” అంది పెద్దమ్మ.

“గోడా, కొందరు కుండ వంచితే ఇంత పోస్తారు, అంత పోస్తారు. జారిపోతావేమో చూసుకో,” అంది అమ్మ.

“మా ఆయన చెవి కోసినోళ్ళకి కూడా నోరుందే గోడా!”

“మా ఆయన తల పగలగొట్టింది ఎవురో ముందు అది అడుగు గోడా!”

ఆ మాటతో ఇద్దరి చేతులూ ఆగాయి. సందు అంచున నెత్తురు ఎండి నల్లబడి ఉంది. ఏది ఎవరి మొగుడిదో తెలియడం లేదు. పెద్దమ్మ కాసేపు చూసి కుండ వంచింది, అమ్మ ఆ మరక మీదనే సున్నం మెత్తింది. వాలు అటూ పెట్టలేదు, ఇటూ పెట్టలేదు. గేదె వెన్నులాగా మధ్యన ఎత్తుపెట్టి, ఎవరి నీళ్ళు వాళ్ళ తూములోకి పోయేలా చేసి దిగిపోయారు.

సున్నం ఆరాక వాన పడింది. ఆకాశానికి చిల్లుపడింది, గొడ్లపాకలో దూడలు ఈదాయి, మా పొయ్యి మీద మాత్రం ఒక్క చుక్క లేదు. కట్టెలు చిటపటలాడుతుంటే వేడన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. ఆ తర్వాత ఎన్ని విందులు తిన్నా అంత నిబ్బరంగా తినలేదు. అప్పుడు గోడ అవతల నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది, ఈసారి గోడతో కాదు.

“ఏమే, నీ పొయ్యి మీద కారతందా?”

“కారట్లేదక్కా. నీకో?”

ఇప్పుడు మా కప్పులు ఒట్టి మందుతోనే అతుక్కుంటున్నాయి, తలలు పగలడం లేదు, అది మంచిదే. కాని మందు పోసి వెళ్ళాక, ఇంకా కారుతోందా అని పైనుంచి ఎవరూ అడగలేదు. నేనూ పైకెళ్ళి ఆగిందని చెప్పలేదు.

ఇక తీసెయ్యాల్సిన సగం. చెవీ, తలా, వేళ్ళూ నిజమే, వాటిని పెంచాల్సిన పని మా ఊళ్ళో ఎవరికీ పడదు. సందులో దున్నపోతు దూరదు, చెయ్యి పడుతుంది. నేను పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. ఆ వానలో గోడ అవతల నుంచి ఎవరూ పిలవలేదు. అన్నం చల్లారిపోతున్నా అమ్మ వాన వెలిసేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది. అందుకే ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ మాట పెద్దమ్మ చేత నేనే అనిపిస్తుంటాను.