గేదెను బస్సులో వదిలేసిన వేసవి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ ఏటి కొత్త కారం నా రెండు కళ్లలోనూ పడుగాక. చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి, నోట్లో వక్కపొడి కూడా ఊసేసి మరీ చెబుతున్నాను.

తొంభైల చివర్లో, పర్చూరు దగ్గర మా ఊళ్లో, కౌలు చేలో మిరప వేశాను. అంతకు ముందు రెండేళ్లూ పత్తిని పురుగు తినేసింది. ఈ కాయ అమ్ముడైతేనే చేను మళ్లీ నా చేతిలో ఉంటుంది. లేదంటే గుంటూరులో మా బావమరిది ఎరువుల కొట్లో, వాడి పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఆ కొట్టు వాసన తలుచుకుంటేనే నాకు డోకొస్తుంది.

కళ్లంలో కాయ ఎండింది. ఎర్రకాయ ఒకవైపు, రంగు వెలిసి తెల్లబడ్డ తాలుకాయ ఒకవైపు ఏరించి, వాన పడేలోగా సంచులకెత్తి గుంటూరు యార్డుకు తోలాలి. ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని కుప్ప చుట్టూ కూర్చుని ఏరుతుంటే, నేను పక్కన చేరి కథలు చెప్పేవాణ్ణి. మా తాత పండించిన కాయను పొడిచిన కాకి మంటకు తాళలేక సముద్రం దాకా ఎగిరి మునిగిందనీ, అక్కడి చేపలకు ఇప్పటికీ కారం వేయకుండానే పులుసు పెట్టుకోవచ్చనీ. ఆ రోజు మాత్రం మా గేదె పర్చూరు బస్సెక్కిన కథ. గేదె ఎక్కింది, కిటికీ పక్కన సర్దుకుంది, కండక్టరు టిక్కెట్టు అడిగాడు. సరిగ్గా అక్కడుండగా మా బావమరిది మోపెడ్ దిగాడు.

"బావా, ఈ కబుర్లే నిన్ను ముంచుతున్నాయి. రేపు బ్రాడీపేటలో క్లాసుంది. లక్ష్యం పెట్టుకుని పని చెయ్యడమెలాగో చెబుతారు. నీకూ టిక్కెట్టు కొన్నాను."

"గేదెకి కూడా కొన్నావా బాబూ?" అంది కూలీలను తీసుకొచ్చే మేస్త్రమ్మ.

క్లాసు ఒక దంతాల ఆసుపత్రి పైన. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి రావడం లేదు. టై కట్టుకున్న ఒకాయన మెడ తుడుచుకుంటూ, ఆ రుమాలుతోనే మైకూ తుడిచి, మాట్లాడాడు. మా చేత చప్పట్లు కొట్టించాడు. కళ్లు మూసుకోమన్నాడు. పక్కవాణ్ణి కౌగిలించుకోమన్నాడు. నా పక్కవాడి చొక్కా చెమటకి వీపుకంటుకుపోయి ఉంది. ఆ తడి నా చెంపకు తగిలింది. పాతికేళ్లయినా ఇప్పటికీ ఆ చెంప రెండుసార్లు కడుగుతాను.

"ఒక్కటే లక్ష్యం పెట్టుకోండి. దానికి పనికిరానిదాన్ని తాలులా ఏరిపారేయండి" అన్నాడాయన.

నాలో తాలేమిటా అని వెతికితే నోరు దొరికింది. చివరి కాయ సంచిలో పడేదాకా పనిమాట తప్ప ఇంకో మాట ఆడకూడదని లక్ష్యం పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే అద్దంలో చూసి అదే చెప్పుకోవాలట. పళ్లపొడి నురగతో చెప్పుకుంటుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఏవండీ, ఎవరినండీ తిడుతున్నారు?" అంది.

కళ్లానికి వెళ్లాను.

"ఏం అబ్బాయా, గేదె టిక్కెట్టు కొన్నదా లేదా?" అంది మేస్త్రమ్మ.

"చేతులాడించండి" అన్నాను. నా మాట నాకే ఎరువుల కొట్టు వాసన వేసింది.

"ఆ క్లాసులో నాలుక కోసి పంపారే" అందొకామె. ఎవరూ నవ్వలేదు. ఆ రోజంతా తుమ్ములు తప్ప ఇంకేమీ వినపడలేదు. మర్నాడు వాళ్లు రాలేదు. చూస్తే పక్క కళ్లంలో ఉన్నారు. అక్కడ టేప్‌రికార్డర్ మోగుతోంది.

ఆ వారమే మబ్బు పట్టి వాన కొట్టింది. నేనూ మా ఆవిడా పట్టాలు కప్పాం కానీ నీళ్లు కిందనుంచి దూరాయి. తెల్లారి చెయ్యి పెడితే అడుగు కాయ వెచ్చగా, జిగటగా, బూజు పట్టి నల్లగా తగిలింది. తడిసిన కుక్కా పాడైన పచ్చడీ కలిసినట్టు వాసన. దోసిళ్లతో ఎత్తి పారబోశాం. మా ఆవిడ గట్టుకెళ్లి వాంతి చేసుకుంది. నేను మాత్రం లక్ష్యం తప్పలేదు. ఒక్క అనవసరపు మాట ఆడలేదు. ఓదార్పుమాట కూడా అనవసరమే అనుకున్నాను, అంత ఏకాగ్రత నాది. థూ.

మిగిలిన కాయైనా దక్కాలని మేస్త్రమ్మ ఇంటికి వెళ్లాను. "గేదె సంగతి తేల్చు అబ్బాయా, రేపట్నుంచి వస్తాం" అంది. అక్కడే తేల్చాను. పాలిచ్చేదానికి సగం చార్జీయేనని గేదె వాదించింది, కండక్టరు పొదుగు చూసి ఒప్పుకున్నాడు. నవ్వుకుంటూ వచ్చి ఏరారు. లోడు యార్డుకెళ్లింది. చేను నిలిచింది.

ఇక కారం కళ్లలో పడకముందే చెబుతున్నాను. వాన నిజం, బూజు నిజం, ఆ చొక్కా తడి మరీ నిజం. చేను నిలిచిన మాటా నిజమే. వాన తర్వాత మేస్త్రమ్మ గేదె సంగతి అడిగిందన్నది మాత్రం నేను కల్పించింది. నేను వాళ్లింటికి వెళ్లనే లేదు. పక్క కళ్లంలో పని అయిపోయింది, వాళ్లు వచ్చారు, అంతే. అడిగితే చెబుదామని వాళ్లు ఏరిన మూడు రోజులూ కుప్ప పక్కనే కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. చివరి కాయ సంచిలో పడ్డా నా నోరు పెగల్లేదు. పొదుగు, సగం చార్జీ ఇందాక రాస్తూ పుట్టించినవి.

నా బతుకులో పెట్టుకున్న లక్ష్యాల్లో పూర్తిగా నెరవేరింది అదొక్కటే.